సున్నం, పటిక, వెలుగు: ధర్మపురి నీళ్ళనుండి జీవకణందాకా

ధర్మపురి అనగానే సాహిత్య విద్యార్థులకు తగడూరు, దాని నేలిన అదియమాన్, అతని ఆదరణ పొందిన అవ్వైయార్ గుర్తుకు వస్తారు. వైద్య విద్యార్థులకు గుర్తుకు వచ్చేవి వేరు: పిల్లల పళ్ళమీద గోధుమరంగు చారలు, పెద్దవాళ్ళలో వంగని నడుములు. 1965 అక్టోబరు 2న సేలంనుండి విడివడిన ధర్మపురి జిల్లాలోనూ, అందులోనుండి 2004లో వేరుపడ్డ కృష్ణగిరి జిల్లాలోనూ అనేక గ్రామాల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఉండవలసిన దానికంటె ఎక్కువగా ఉంది. హోసూరు, డెంకణీకోట, కృష్ణగిరి ప్రాంతాలలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. నల్లగొండ, ప్రకాశం జిల్లాలవారికి బాగా తెలిసిన జబ్బే ఇక్కడా ఉంది. కనుక రాష్ట్రపు సరిహద్దు ఈ విషయాన్ని రెండుగా విడదీయలేదు.

ఆ జబ్బు చరిత్రను పూర్తిగా చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కంటికి కనిపించని ఒక అయాన్, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువు, నీటిలో ఉందని, ఎముకలో ఉందని, చివరకు బతికి ఉన్న కణంలో కదులుతున్నదని మనుషులు ఎలా తెలుసుకున్నారు అన్న చరిత్రను ధర్మపురి నీళ్ళ దగ్గర నిలబడి చూడదలచుకున్నాం. ముఖ్యంగా లోహాల అయాన్లను పట్టి వెలుగుతో చూపే పదార్థాల పుట్టుకను వివరిస్తాం. వీటిని ప్రతిదీప్తి శోధకాలు అందాం. ఈ రెండు కథలూ వేరువేరు శాస్త్రాల పుస్తకాలలో ఉంటాయి. కాని రెండింటిలోనూ పాత్రలు అవే: కాల్షియం, అల్యూమినియం, ఫ్లోరిన్. మన ఇళ్ళలో మొదటి రెండింటినీ సున్నంగా, పటికగా ఎరుగుదుం.

రాయి పేరు, వెలుగు పేరు

ముందుగా మాటల సంగతి చూద్దాం. ఫ్లోరోసిస్ అనేది జబ్బు పేరు. ఫ్లోరెసెన్స్ అనేది ఒక రకమైన వెలుగు పేరు. రెండు మాటలలోనూ ఒకే రాయి ఉంది. పదహారో శతాబ్దంలో జర్మన్ ఖనిజ శాస్త్రజ్ఞుడు అగ్రికోలా, లోహపు ముడిరాయి తేలికగా కరిగి పారడానికి కొలిమిలో వేసే రాళ్ళను గురించి రాశాడు. లాటిన్‌లో ‘ఫ్లుయెరె’ అంటే ప్రవహించడం. దానినుండి ఆ రాళ్ళకు ‘ఫ్లోరెస్’ అన్న పేరు వచ్చింది. వాటిలో ఒకటి ఫ్లోర్‌స్పార్. రసాయన శాస్త్ర భాషలో కాల్షియం ఫ్లోరైడ్. ఆ రాతిలో దాగి ఉన్న మూలకానికి, దానిని ఎవరూ విడిగా చూడకముందే, ఫ్లోరిన్ అన్న పేరు స్థిరపడింది. 1886లో ఫ్రాన్సు దేశంలో ఆన్రి మొయసా దానిని విడదీయగలిగాడు.

వెలుగు కథ 1852కు చెందింది. కేంబ్రిడ్జిలో జార్జి గాబ్రియల్ స్టోక్స్ క్వినైన్ ద్రావణంమీద కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు పడినప్పుడు అది నీలంగా వెలగడాన్ని పరిశీలించాడు. పదార్థం తీసుకున్న వెలుగు ఒకటి, తిరిగి ఇచ్చే వెలుగు మరొకటి అనీ, తిరిగి ఇచ్చేదానికి తరంగదైర్ఘ్యం ఎక్కువ అనీ నిరూపించాడు. ఫ్లోర్‌స్పార్‌లో కూడా ఇటువంటి వెలుగు కనిపిస్తుంది గనుక, ఒపల్ అనే మణి పేరుమీద ఒపలెసెన్స్ అన్న మాట వచ్చినట్టే, దీనికి ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టాడు.

తరవాతి కాలంలో తేలిన సంగతి ఒకటుంది. స్వచ్ఛమైన కాల్షియం ఫ్లోరైడ్ అలా వెలగదు. రాతిలో అక్కడక్కడ కాల్షియం స్థానంలో చేరిన యూరోపియం అనే లోహపు అయాన్లే ఆ నీలపు వెలుగుకు ముఖ్య కారణం. అంటే ఈ వెలుగుకు పేరిచ్చిన రాయి ఒక లోహపు అయాన్ జాడను అప్పటికే చూపిస్తూ ఉంది. దానిని అలా చదవడం అప్పట్లో ఎవరికీ తెలియదు.

తెలుగు పాఠ్యపుస్తకాలలో దీనికి ప్రతిదీప్తి అన్న మాట వాడారు. ఇంగ్లీషు మాట రాయిని చెబుతుంది, తెలుగు మాట పనిని చెబుతుంది. పడిన వెలుగుకు బదులుగా వచ్చే వెలుగు ప్రతిదీప్తి. ఈ ఒక్కచోట మన మాటే విషయాన్ని ఎక్కువగా తెలియజేస్తుందని మా అభిప్రాయం. పైగా అది ఒక అపోహను తప్పిస్తుంది. ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు ఫ్లోరెసెంట్‌గా వెలుగుతాయేమో అని విద్యార్థులు అడగడం కద్దు. వెలగవు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

రంగుతో జాడ తీయడం

కనిపించని లోహాన్ని రంగుతో కనిపించేటట్టు చేయడం ప్రయోగశాలల కంటె పాత విద్య. మచిలీపట్నం అద్దకపు పనివారు దానిని శతాబ్దాలుగా చేశారు. గుడ్డమీద పటికనీళ్ళతో గీత గీస్తారు. పటికకు తనదంటూ రంగు లేదు. తరవాత ఆ గుడ్డను చిరివేరు రసంలో ఉడకబెడితే పటిక పడినచోట మాత్రమే ఎరుపు గట్టిగా నిలుస్తుంది. తక్కినచోట ఉతికితే పోతుంది. చిరివేరులోని రంగు పదార్థం అలిజరిన్, పటికలోని లోహం అల్యూమినియం. రెండూ కలిసి నీటిలో కరగని ఎర్రని సమ్మేళనం ఏర్పడుతుంది. ఇనుపనీళ్ళు కరక్కాయ రసం పట్టిన గుడ్డమీద పడితే నలుపు వస్తుంది. లోహం మారితే రంగు మారుతుంది. కలంకారీ గుడ్డ ఒక విధంగా ఏ లోహం ఎక్కడ ఉందో తెలిపే పటం.

ఇంట్లో పసుపులో సున్నం కలిపితే ఎర్రబడడం కూడా ఇలాంటిదే అనిపిస్తుంది. కాని అక్కడ పసుపు గుర్తుపట్టేది సున్నపు క్షారగుణాన్ని, సున్నంలోని కాల్షియాన్ని కాదు. సోడా కలిపినా ఎరుపు వస్తుంది. ఏది దేనికి బదులిస్తున్నదో విడదీసి చూడకపోతే రంగు మనలను మోసగిస్తుంది. ఈ హెచ్చరిక ఈ వ్యాసం చివరిదాకా అవసరమవుతుంది.

రంగునుండి ప్రతిదీప్తికి దారి తెరిచినవాడు స్విట్జర్లండుకు చెందిన గోపెల్స్‌రోడర్. 1867లో ఆయన చెట్టుచెక్కనుండి తీసిన మోరిన్ అనే పసుపు పదార్థం అల్యూమినియంతో కలిసినప్పుడు పచ్చగా ప్రతిదీప్తి చూపుతుందని గమనించి, అల్యూమినియం జాడ తీయడానికి దానిని వాడాడు. ప్రతిదీప్తితో చేసిన రసాయన విశ్లేషణకు ఇది మొదటి ఉదాహరణగా చెబుతారు. మోరిన్ ఫ్లావనాయిడ్ల కుటుంబానికి చెందినది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి.ఆర్. శేషాద్రి 1930లు, 40లలో పత్తిపూలు మొదలైనవాటినుండి తీసి పరిశోధించిన పూలరంగులు ఆ కుటుంబంలోనివే.

రంగుతో కొలిచే విద్యలో తెలుగువారి పేరు ప్రపంచమంతటా నిలిపినవాడు యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా చేరిన ఆయన, హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని నీలిరంగుతో కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఆ పద్ధతిలో రంగు రావలసినంత త్వరగా రాకపోవడాన్ని పట్టుకుని 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. కొలతలో కనిపించిన చిన్న తేడాను పొరపాటని కొట్టివేయకుండా దాని వెనుక ఏముందో చూడడం ఆ ఇద్దరి గొప్పతనం.

ఇక ఫ్లోరైడ్ సంగతి. పళ్ళ మచ్చలకు నీళ్ళే కారణమని అమెరికాలో అనుమానం చాలాకాలంగా ఉంది. అర్కాన్సా రాష్ట్రంలో బాక్సైట్ అనే ఊరు అల్యూమినియం కంపెనీది. అక్కడి పిల్లల పళ్ళకు మచ్చలు వస్తే తమ లోహానికి చెడ్డపేరు వస్తుందని ఆ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు చర్చిల్ 1931లో నీళ్ళను వర్ణపటంతో పరీక్షించి, అందులో ఎవరూ ఎదురుచూడని ఫ్లోరిన్‌ను కనుగొన్నాడు. ఆరేళ్ళకే, 1937లో, షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనే వైద్యులు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వ్యాసం ప్రచురించారు. వారు చూసిన రోగులు నాటి నెల్లూరు జిల్లాలోని పల్లెలవారు. ధర్మపురి అప్పుడు అదే ప్రెసిడెన్సీలో సేలం జిల్లాకు చెందిన తాలూకా. ఎముకల ఫ్లోరోసిస్‌ను ప్రపంచానికి వివరించిన తొలి రచనలలో ఒకటి తెలుగు పల్లెలనుండి వచ్చిందన్నది మన విద్యార్థులు తెలుసుకోవలసిన విషయం.

నీటిలో ఫ్లోరైడ్ కొలవడానికి ఆ రోజుల్లో దొరికిన సాధనం కూడా చిరివేరులోని అలిజరినే. అలిజరిన్‌ను జిర్కోనియం అనే లోహంతో కలిపితే ఎర్రని సమ్మేళనం వస్తుంది. అందులో ఫ్లోరైడ్ పడితే, జిర్కోనియంమీద దానికి ఉన్న ఆకర్షణ ఎక్కువ కాబట్టి, లోహాన్ని లాక్కుంటుంది. ఎరుపు తగ్గి పసుపు మిగులుతుంది. ఎంత తగ్గిందో చూసి ఫ్లోరైడ్ ఎంతో లెక్కగడతారు. ఈ సూత్రంమీదనే జిర్కోనియం, మరొక రంగు కలిపిన పరీక్షలు తరవాత వచ్చాయి. గ్రామాలలో వాడే పరీక్షాపెట్టెలలో అవి ఇప్పటికీ ఉన్నాయి. అద్దకపువాడి విద్యనే ఇక్కడ తిరగేసి వాడారు. అతను లోహంతో రంగును నిలబెట్టాడు, వీరు లోహాన్ని తీసివేసి రంగును పోగొట్టారు.

బతికిన కణం పెట్టే షరతులు

ఇంతవరకు చెప్పిన పరీక్షలన్నీ సీసాలో నీటికి, గుడ్డకు, కాల్చిన బూడిదకు సంబంధించినవి. ఎముకను కాల్చి బూడిద చేస్తే అందులో కాల్షియం ఎంతో చెప్పవచ్చు. కాని బతికి ఉండగా ఆ కాల్షియం ఎక్కడ ఉంది, ఎప్పుడు కదిలింది అన్నది బూడిద చెప్పదు.

కణానికి కాల్షియం కావాలని తెలిసింది కూడా నీళ్ళవల్లనే. 1880లలో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్పగుండెను ఉప్పునీటి ద్రావణంలో ఆడించి చూస్తున్నాడు. గుండె చక్కగా కొట్టుకుంది. ఆ ద్రావణాన్ని కుళాయినీటితో తయారుచేశారని తరవాత బయటపడింది. స్వేదనజలంతో చేస్తే గుండె కాసేపటికే ఆగింది. కుళాయినీటిలోని సున్నపు లవణమే ఆ తేడాకు కారణమని 1883లో ఆయన ప్రకటించాడు. నీటిలో కంటికి కనిపించనిది ప్రాణాన్ని నిలపనూ గలదు, చెరపనూ గలదు. కాల్షియం అన్న పేరు లాటిన్‌లో సున్నాన్ని చెప్పే ‘కాల్క్స్’ నుండి వచ్చింది. మన సున్నం సంస్కృత ‘చూర్ణ’ శబ్దానికి తద్భవం. తమిళంలో సుణ్ణాంబు కూడా ఆ బంధువే. లాటిన్ మాట ఒక పదార్థాన్ని చెబితే, మనది పొడి అనే రూపాన్ని చెప్పి పదార్థానికి స్థిరపడింది.

కణం లోపలి కాల్షియాన్ని చూడడం ఎందుకు కష్టమో అంకెలు చెబుతాయి. కణం వెలుపల కాల్షియం అయాన్ల గాఢత లీటరుకు సుమారు ఒక మిల్లీమోల్‌కు పైగా ఉంటుంది. విశ్రాంతిగా ఉన్న కణం లోపల దానిలో పదివేలవంతు మాత్రమే. అదే కణంలో మెగ్నీషియం మాత్రం కాల్షియానికి కొన్నివేల రెట్లు ఉంటుంది. రెండూ రసాయన గుణాలలో దాయాదులు. కాబట్టి శోధకం కాల్షియాన్ని పట్టాలి, మెగ్నీషియాన్ని వదలాలి. కణాన్ని చంపకుండా లోపలికి పోవాలి. పట్టినదాన్ని మళ్ళీ విడవాలి, లేకపోతే మరుక్షణం జరిగే మార్పు కనిపించదు. రంగు గట్టిగా నిలవడం అద్దకానికి గుణం, ఇక్కడ అదే దోషం.

మొదటి సాధనం సముద్రంనుండి వచ్చింది. 1961లో అమెరికా పడమటితీరంలో ఒసాము షిమొమురా జెల్లీచేపలనుండి తీసిన రసాన్ని తొట్టిలో పారబోస్తే, అందులోని సముద్రపు నీరు తగిలి అది ఫెళ్ళున వెలిగింది. సముద్రపు నీటిలోని కాల్షియమే కారణం. ఆ ప్రొటీన్‌కు ఎక్వోరిన్ అని పేరు. 1967లో రిడ్జ్‌వే, ఆష్లీ దానిని ఒక సముద్రజీవి కండరంలోకి సూదితో ఎక్కించి, కండరం బిగిసే ముందు కాల్షియం వెలుగును చూశారు. కాని ఇది తనంతట వెలిగే వెలుగు, ప్రతిదీప్తి కాదు. పైగా ప్రతి కణానికీ సూది పొడవాలి.

ఈ కాలంలోనే మరొక దారి తెరుచుకుంది. దాని మొదలు మళ్ళీ సుబ్బారావు దగ్గరే ఉంది. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళాడు. ఆయన నాయకత్వంలోని పరిశోధన విభాగంలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు, మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలం మట్టినుండి వచ్చిన సూక్ష్మజీవిలో ఆరియోమైసిన్ అనే బంగారురంగు మందును కనుగొన్నాడు. అది 1948లో వెలువడింది, ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. దాని రసాయన నామం క్లోర్‌టెట్రాసైక్లిన్. టెట్రాసైక్లిన్ మందులన్నిటికీ అదే మొదటిది.

ఈ మందులకు కాల్షియాన్ని పట్టుకునే గుణం ఉంది. అందుకే వాటిని పాలతో వేసుకోవద్దంటారు, చిన్నపిల్లలకు ఇవ్వడానికి వెనుకాడతారు. పెరుగుతున్న ఎముకలో, పంటిలో కాల్షియంతో కలిసి అవి నిలిచిపోతాయి. 1957లో మిల్చ్, రాల్, టోబీ ఈ ఎముకలు అతినీలలోహిత కాంతిలో పసుపుపచ్చగా వెలుగుతాయని చూపారు. కొద్దిరోజుల ఎడంతో రెండుసార్లు మందు ఇస్తే ఎముకలో రెండు వెలుగు గీతలు పడతాయి. వాటి మధ్య దూరాన్నిబట్టి ఎముక ఎంత వేగంగా పెరిగిందో కొలవవచ్చు. ఎముకల వ్యాధులను పరిశోధించేవారు నేటికీ వాడే పద్ధతి ఇది. 1971లో కాస్‌వెల్, హచిసన్ క్లోర్‌టెట్రాసైక్లిన్‌తోనే కణపు పొరలకు అంటుకుని ఉన్న కాల్షియం, మెగ్నీషియంల జాడ తీశారు. జ్వరాలు తగ్గించడానికి వెదికిన మందు, దానిని వెదికించినవాడు ఊహించని పనికి వచ్చింది. కాని అది రెండు లోహాలనూ పడుతుంది. పొరల దగ్గర తప్ప చక్కగా చూపదు.

చెన్ వేసిన బాట

షరతులన్నిటికీ ఒక్కచోట జవాబు చెప్పినవాడు రోజర్ చెన్. 1980లో కేంబ్రిడ్జిలో ఉండగా ఆయన కాల్షియాన్ని పట్టే పాత రసాయనం ఒకదానిని తీసుకుని, దానిలో బెంజీన్ వలయాలు చేర్చాడు. బాప్టా అని పిలిచే ఈ కొత్త అణువు కాల్షియాన్ని మెగ్నీషియంనుండి స్పష్టంగా విడదీస్తుంది. కణంలోని ఆమ్లగుణం కొద్దిగా మారినా చలించదు. పసుపు, సున్నం ఉదాహరణలో చూసిన మోసం ఇందులో చాలావరకు తొలగింది.

దానిని కణంలోకి పంపడానికి 1981లో మరొక ఉపాయం ప్రకటించాడు. అణువుకు ఎస్టర్ అనే తొడుగు వేస్తే అది కణపు పొరగుండా జారిపోతుంది. లోపలి ఎంజైములు తొడుగును కోసివేస్తాయి. తొడుగు పోయిన అణువుకు ఆవేశం వచ్చి మళ్ళీ బయటకు రాలేదు. సూది అవసరం పోయింది. లక్షల కణాలలో ఒకేసారి శోధకాన్ని నింపడం సాధ్యమైంది.

తొలి శోధకం క్విన్-2 మసకగా వెలిగేది. కనిపించాలంటే ఎక్కువ మోతాదు నింపాలి. అంత నింపితే కణంలోని కాల్షియాన్ని ఆ శోధకమే తాగివేస్తుంది. కొలిచే సాధనం కొలవవలసినదాన్నే మార్చివేసిందన్నమాట. 1985లో గ్రింకెవిచ్, పోయనీలతో కలిసి చెన్ ప్రకటించిన ఫ్యూరా-2 దానికంటె ముప్పైరెట్లదాకా కాంతిమంతమైనది. ఇందులో ఇంకొక సూక్ష్మం ఉంది. కాల్షియం పట్టిన ఫ్యూరా-2 సుమారు 340 నానోమీటర్ల కాంతిని బాగా తీసుకుంటుంది, పట్టనిది 380 దగ్గర తీసుకుంటుంది. రెండింటితోనూ వెలిగించి, తిరిగి వచ్చే వెలుగుల నిష్పత్తి తీస్తే చాలు. కణం మందంగా ఉన్నా, పలచగా ఉన్నా, శోధకం ఎక్కువ ఎక్కినా, తక్కువ ఎక్కినా నిష్పత్తి మారదు.

తరవాతి శోధకాలలో చాలావాటి వెనుక ఉన్న ఒక సూత్రాన్ని శ్రీలంకనుండి వెళ్ళి బెల్‌ఫాస్ట్‌లో స్థిరపడ్డ ప్రసన్న డిసిల్వా విస్తరించి చూపాడు. అణువులో వెలిగే భాగం ఒకటి, లోహాన్ని పట్టే భాగం ఒకటి ఉంటాయి. లోహం లేనప్పుడు పట్టే భాగంనుండి ఒక ఎలక్ట్రాన్ దూకి వెలుగును ఆర్పివేస్తుంది. లోహం వచ్చి కూర్చుంటే ఆ ఎలక్ట్రాన్ కదలలేదు, వెలుగు బయటకు వస్తుంది. ఇలా పట్టే భాగాన్ని మార్చుకుంటూ 2000 తరవాత లిపర్డ్ బృందం జింకుకు, క్రిస్టఫర్ చాంగ్ బృందం రాగికి శోధకాలు తయారుచేశాయి. చెన్, షిమొమురా, మార్టిన్ చాల్ఫీలకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. అది జెల్లీచేపలోని పచ్చని ప్రతిదీప్తి ప్రొటీన్‌కు సంబంధించిన కృషికి. ఆ ప్రొటీన్‌ను షిమొమురా ఎక్వోరిన్‌తోపాటే కనుగొన్నాడు.

ఏ శోధకమూ దోషం లేనిది కాదు. ఫ్యూరా-2 కాల్షియం కంటె జింకును ఇంకా గట్టిగా పడుతుంది. కణంలో జింకు విడుదలైనా కాల్షియం పెరిగినట్టు కనిపించవచ్చు. అందుకే జాగ్రత్తపడే పరిశోధకులు జింకును గట్టిగా పట్టే మరొక రసాయనం కలిపి, ఆ వెలుగు తగ్గుతుందా అని చూస్తారు.

మళ్ళీ బావి దగ్గరకు

ఈ చరిత్రకు ధర్మపురి నీళ్ళతో సంబంధం పేరులో మాత్రమే లేదు. ఫ్లోరైడ్ ఒంట్లో మొదట వెదికేది కాల్షియాన్నే. గట్టిరాతి నేలలోని ఖనిజాలనుండి అది నీటిలోకి వస్తుంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోర్‌స్పార్‌గా మళ్ళీ గడ్డకట్టే అవకాశం ఉంది. కాల్షియం తక్కువగా, క్షారగుణం ఎక్కువగా ఉన్న మెత్తటి నీటిలో అది కరిగే ఉంటుంది. పప్పు తేలికగా ఉడికే నీళ్ళు మంచినీళ్ళని మన నమ్మకం. ఫ్లోరైడ్ విషయంలో ఆ గుర్తు పనికిరాదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చుననీ భారతీయ ప్రమాణం చెబుతుంది. చిగురు కింద పన్ను తయారవుతున్న వయసులోనే ఎనామెల్ దెబ్బ తింటుంది. పన్ను బయటికి వచ్చి మచ్చ కనిపించేసరికి కాలం మించిపోతుంది.

కణంలో ఫ్లోరైడ్ చేసే పనిని చూడడానికి ఫ్యూరా-2 వంటి కాల్షియం శోధకాలను అనేక ప్రయోగశాలలు వాడాయి. అల్యూమినియం పాత్ర మాత్రం అనుకోకుండా బయటపడింది. ఫ్లోరైడ్ కణంలోని ఒక సంకేత వ్యవస్థను మేల్కొలుపుతుందని చాలాకాలంగా తెలుసు. ఒక్కొక్కసారి అది పనిచేసేది కాదు. 1982లో స్టెర్న్‌వైస్, గిల్మన్ కారణం కనుగొన్నారు. ఫ్లోరైడ్‌తోపాటు లేశమాత్రం అల్యూమినియం కావాలి. అది పరీక్షకు వాడిన గాజుగొట్టాలనుండీ రసాయనాలనుండీ మాలిన్యంగా వస్తున్నది. ఇది పరీక్షనాళికలో తేలిన విషయం. పల్లెలో మనిషి ఒంట్లో ఎంత జరుగుతుందో ఇది దానంతట అది చెప్పదు. కాని వీటిని విడివిడిగా కొలిస్తే చాలదని హెచ్చరిస్తుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో నల్లగొండ ప్రాంతపు యువకులలో మోకాళ్ళు లోపలికి వంగే కొత్తరూపపు ఫ్లోరోసిస్‌ను వర్ణించారు. ఆ తరవాత అదే సంస్థవారు ఆ ప్రాంతపు జొన్నలలో రాగి, మాలిబ్డినం, జింకు ఎంతెంత ఉన్నాయో కొలిచి, జబ్బు వెనుక ఈ లోహాల ఎక్కువతక్కువలు కూడా ఉన్నాయేమోనని విచారించారు. వారి చేతిలో ఉన్నవి గింజలు, మూత్రం. రాగిని బతికిన కణంలో చూపే శోధకాలు రావడానికి ఇంకా ముప్పైఏళ్ళు ఉంది. ప్రశ్న ముందే పుట్టింది, చూసే కన్ను తరవాత వచ్చింది.

పరిహారం వైపు చూస్తే మళ్ళీ సున్నం, పటికలే ఎదురవుతాయి. 1970లలో జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతిలో నీటిలో సున్నం, పటిక కలిపి, కలియబెట్టి, తేర్చి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించుతారు. సామాను ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. కాని పటిక ఎంత వేయాలన్నది ఫ్లోరైడ్ ఎంత ఉందో, నీటి క్షారగుణం ఎంతో తెలిస్తేనే కుదురుతుంది. లెక్క తప్పితే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. అంటే ఈ పద్ధతి కొలతమీద ఆధారపడి ఉంది. కొలిచే మనిషి లేనిచోట అది నిలవలేదు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు చివరికి వచ్చిన పరిష్కారం వేరు. హొగెనక్కల్ దగ్గర కావేరినీటిని తీసుకుని గొట్టాలతో రెండు జిల్లాల ఊళ్ళకు అందించే పథకానికి 2008లో శంకుస్థాపన జరిగింది. జపాను ఋణంతో, సుమారు 1,900 కోట్ల రూపాయల ఖర్చుతో పూర్తయి 2013లో ప్రారంభమైంది. మద్రాసు ప్రెసిడెన్సీలో జబ్బును గుర్తించిన 1937నుండి లెక్కిస్తే డెబ్బైఆరేళ్ళు.

నది నీళ్ళు వచ్చినా బోరునీళ్ళు ఎక్కడికీ పోలేదు. గొట్టంలో నీళ్ళు రానిరోజు మనిషి చెయ్యి బోరు పంపుమీదికే పోతుంది. అందుచేత ఏ బోరులో ఎంత ఉందో తెలిసి ఉండడం ఇప్పటికీ అవసరం. ఇక్కడ శోధకాల పరిశోధకులు నిజాయితీగా ఒప్పుకునే లోపం ఒకటుంది. ఫ్లోరైడ్‌కు కూడా ప్రతిదీప్తి శోధకాలు చాలా తయారయ్యాయి. సిలికాన్‌తో కట్టిన బంధాన్ని ఫ్లోరైడ్ తెంపితే వెలిగేవి వాటిలో ఒక రకం. కాని నీటిలో ఫ్లోరైడ్‌ను నీటి అణువులే గట్టిగా చుట్టుకుని ఉంటాయి. కనుక వాటిలో అనేకం ఇతర ద్రావకాలలో చక్కగా వెలిగి, నీటిలో మందగిస్తాయి. బావినీళ్ళకు పనికివచ్చేటట్టు వాటిని దిద్దడం ఇప్పటికీ సాగుతున్న పని. ఈలోగా పల్లెలో నమ్మదగినవి జిర్కోనియం రంగు పరీక్ష, 1966లో ఫ్రాంట్, రాస్ తయారుచేసిన లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికపు ఎలక్ట్రోడు. ఆ స్ఫటికంలోనూ కొద్దిగా యూరోపియం కలుపుతారు. స్టోక్స్ చూసిన రాతిలో వెలిగిన లోహమే అది.

ముగింపు

ఈ చరిత్రలో ఒకే పని అనేక రూపాలలో కనిపిస్తుంది. కనిపించని దానిని పట్టే ఒక పదార్థం కావాలి, పట్టినట్టు తెలిపే రంగో వెలుగో కావాలి, అది వేరేదానికి బదులివ్వడం లేదని నిర్ధారణ కావాలి. చిరివేరు మొదలు ఫ్యూరా-2 దాకా మారినవి పదార్థాలు, సున్నితత్వం. మూడో షరతు మాత్రం ఎప్పుడూ తీరినట్టే కనిపించి మళ్ళీ ఎదురవుతూ వచ్చింది. రింగర్ కుళాయినీళ్ళు, గిల్మన్ గాజుగొట్టాలు దానికి సాక్ష్యం.

జాడ తెలియగానే బాధ తీరలేదన్నది రెండో విషయం. పరీక్ష ఫలితం ప్రయోగశాలలోనో ఇంగ్లీషు పత్రికలోనో ఉండిపోతే, బావి దగ్గర కడవ నింపేవారికి అది లేనట్టే. హోసూరులోనో కృష్ణగిరిలోనో చదువుతున్న మన విద్యార్థికి ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కళాశాలలో ఇంగ్లీషు. అయాన్, గాఢత, ప్రతిదీప్తి అన్న మాటలు అతని తెలుగులో కూడా బతకాలని మేము కోరడానికి కారణం భాషాభిమానం ఒక్కటే కాదు. ఊరి బోరు పక్కన గోడమీద రాసిన 2.4 అన్న అంకె ఏమి చెబుతుందో, ఆ నీళ్ళు ఇంట్లో ఐదేళ్ళ పిల్లకు ఎందుకు పోయకూడదో, నాయనమ్మకు ఆమె మాటల్లో చెప్పగలవాడు అతనే.